కుటుంబ చికిత్సకు ఎక్కడికి వెళ్లాలి? తిరుపతి, చిత్తూరు కుటుంబాల కోసం ఒక పోలిక

మన ప్రాంతంలో కౌన్సెలింగ్ అనగానే చాలామందికి రెండు దృశ్యాలే కళ్లముందు మెదులుతాయి. ఒకటి ఎంసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని సీటు కోసం ఎదురుచూడడం. రెండోది పోలీసు స్టేషన్లో భార్యాభర్తలను చెరో బల్ల మీద కూర్చోబెట్టి మందలించి పంపడం. అందుకే "మీరంతా కలిసి ఒకసారి ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కు వెళ్లి రండి" అని డాక్టరు చెప్పినప్పుడు ఆ మాట ఇంటి పెద్దకు అవమానంగానూ, తల్లికి తన పెంపకం మీద వేసిన నిందగానూ, పిల్లలకు శిక్షగానూ వినిపిస్తుంది. చాలా కుటుంబాలు ఆ చీటీని మడిచి సంచిలో పెట్టుకుని, మాత్రలు మాత్రం కొనుక్కుని ఇంటికి వెళ్లిపోతాయి. మా తమ్ముడి కుటుంబం కూడా మొదట అదే చేసింది.

మా తమ్ముడిది చిత్తూరు. వాళ్ల అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరంలో హాస్టల్ నుంచి తిరిగివచ్చి, పుస్తకం ముట్టకుండా, గది తలుపు వేసుకుని, వీధిలోవాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. తరువాతి ఏడాదిన్నర పాటు ప్రైవేటు క్లినిక్కులకు, ప్రభుత్వాసుపత్రికి, చివరికి ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే సముదాయ మానసిక ఆరోగ్య కేంద్రానికి వాళ్లతో పాటు నేనూ తిరిగాను. ఆ తిరుగుడులో నేర్చుకున్నదాన్ని, ఆ తరువాత తెలిసినవారి కుటుంబాలకు తోడుగా వెళ్లినప్పుడు గమనించినదాన్ని కలిపి ఈ పోలిక రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెప్పడం మంచిది: కుటుంబ చికిత్స, అంటే ఇంటివాళ్లంతా చికిత్సకుడి దగ్గర కలిసి కూర్చుని మాట్లాడే ఈ ఫ్యామిలీ కౌన్సెలింగ్ విషయంలో మొదట చూడవలసినది ఫీజూ కాదు, డాక్టరు పేరూ కాదు. మీ ఇంట్లో ఎవరెవరి మాటకు బలం ఉందో వారంతా ఏ చోటికైతే మొదటిసారే కాక రెండోసారి, అయిదోసారి కూడా వస్తారో, ఆ చోటే మీకు సరైనది. తక్కిన లెక్కలన్నీ దాని తరువాతే.

పంచాయితీకీ చికిత్సకూ తేడా

పెద్దమనుషుల పంచాయితీలో తప్పు ఎవరిదో తేలుస్తారు. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేయిస్తే ఆ మాటకు దేవుడే సాక్షిగా ఉంటాడు. ఆ ప్రమాణానికి కట్టుబడి తాగుడు మానినవారు మన పల్లెల్లో ఉన్నారు. దాని విలువను నేను తగ్గించి చెప్పను. అయితే ప్రమాణం చేసేది ఒక్కరే. ఆ ఒక్కరు ఇంటికి తిరిగి వచ్చాక భార్య ఆయన జేబులు వెతకాలా మానాలా, కొడుకు ఎప్పటికి తండ్రితో మళ్లీ మాట కలుపుతాడు, ఇన్నేళ్లు ఇంటి డబ్బు చేతిలో పెట్టుకుని సంసారాన్ని నెట్టుకొచ్చిన తల్లి ఆ తాళాలను తిరిగి ఇస్తుందా అన్న ప్రశ్నలు ఆ ప్రమాణం పరిధిలోకి రావు. కుటుంబ చికిత్స సరిగ్గా ఆ ప్రశ్నలతోనే మొదలవుతుంది.

మంచి కేంద్రంలో మొదటి ఒకటి రెండు సిట్టింగులు వినడానికే సరిపోతాయి. చికిత్సకుడు ఒక కాగితం మీద మూడు తరాల వంశవృక్షాన్ని గీసి, ఎవరు ఎవరికి దగ్గర, ఎవరి మధ్య మాటలు లేవు, ఎవరు ఎప్పుడు చనిపోయారు, ఎవరు ఊరు విడిచారు అన్నది గుర్తులతో రాసుకుంటారు. తరువాత అడిగే ప్రశ్నలు మనం అనుకున్నట్టు ఉండవు. "అబ్బాయి తలుపు వేసుకున్నప్పుడు మొదట తట్టేది ఎవరు? ఆమె తడుతున్నప్పుడు మీరు ఏం చేస్తుంటారు? మీరిద్దరూ వాదించుకోవడం విని లోపల అబ్బాయి ఏమనుకుంటూ ఉంటాడని మీ అమ్మగారికి అనిపిస్తోంది?" అని ఒకరి సంగతి ఇంకొకరిని అడుగుతారు. మా ఇంటి విషయంలో ఈ చివరి ప్రశ్నకు మా అమ్మ చెప్పిన జవాబు, ఆరు నెలలుగా మాలో ఎవరికీ తట్టనిది. "వాడు మాకు భయపడి వేసుకోలేదు నాయనా, మేం కొట్టుకుంటామని భయపడి వేసుకున్నాడు" అంది. ఒక్కో సిట్టింగు గంట నుంచి గంటన్నర వరకు ఉంటుంది. వారానికో, రెండు వారాలకో ఒకటి చొప్పున సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వరకు పడతాయి.

ఇది పరాయి దేశపు పద్ధతి, మన ఉమ్మడి కుటుంబాలకు నప్పదు అనేవారికి కొంచెం చరిత్ర చెప్పాలి. 1950లలో అమృతసర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచి, చికిత్సలో భాగం చేశారు. మన పొరుగునే ఉన్న వేలూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) 1957లో బాగాయంలో ప్రారంభించిన మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివాళ్లు ఒకరు ఉండి తీరాలన్న పద్ధతి పెట్టింది. కుటుంబాన్ని బయట నిలబెట్టకుండా లోపలికి పిలవడం మన దేశపు వైద్యులకు కొత్తగా ఎవరో నేర్పినది కాదు. ఇంట్లో మాట తీరుకీ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం కొలిచి చూపింది: స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటి లక్షణాలున్న తీవ్రమైన మానసిక జబ్బు) నుంచి కోలుకుని ఇంటికి వెళ్లినవారిలో, అక్కడ నిరంతరం విమర్శ, వైరం, లేదా ఊపిరాడనివ్వనంత అతి జాగ్రత్త ఎదురైనవారికి జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. 1980లలో చండీగఢ్‌లో ప్రొఫెసర్ ఎన్.ఎన్. విగ్ బృందం లండన్ పరిశోధకులతో కలిసి పరిశీలించినప్పుడు, అటువంటి తీరు అక్కడి కుటుంబాలలో లండన్ కంటే తక్కువగా ఉందని తేలింది. అంటే మన ఇళ్లలో ఓర్పు అనే పెట్టుబడి ముందే ఉంది. దాన్ని ఎక్కడ, ఎలా ఖర్చు పెట్టాలో తెలియకే మనం అలసిపోతున్నాం.

ముందు కుటుంబ చికిత్సతో మొదలుపెట్టకూడని ఇళ్లు

ఎంపికల జోలికి వెళ్లేముందు ఈ భాగాన్ని దయచేసి నిదానంగా చదవండి. ఇంట్లో ఎవరైనా చనిపోతానని అంటున్నా, అటువంటి ప్రయత్నం చేసినా, రాత్రుళ్లు అసలు నిద్రపోకుండా లేని మాటలు వినిపిస్తున్నాయని చెబుతున్నా, మొదట వెళ్లవలసింది మానసిక వైద్యుడు ఉన్న ఆసుపత్రికి. మాటల చికిత్స ఆగుతుంది, ఆ స్థితి ఆగదు.

రోజూ బాగా తాగే మనిషి కాణిపాకంలోనో ఇంకెక్కడో ప్రమాణం చేసి ఆ పూటే పూర్తిగా మానేస్తే, మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మనిషిని మనిషి గుర్తుపట్టలేని అయోమయంలోకి జారడం జరగవచ్చు. అది దేవుడి కోపం కాదు, పిచ్చీ కాదు. శరీరం అలవాటుపడిన మద్యం ఒక్కసారిగా అందకపోవడం వల్ల వచ్చే ప్రాణాపాయం. ప్రమాణానికి తీసుకువెళ్లే ముందే డాక్టరుకు చూపించి, ఆ తొలి రోజులకు కావలసిన మందులు రాయించుకుంటే ప్రమాణమూ నిలుస్తుంది, మనిషీ నిలుస్తాడు. మత్తు పదార్థాల విషయంలో సలహాకు 14446 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. కుటుంబ చికిత్స దాని తరువాతి మెట్టు.

మూడోది హింస. భర్త చేయిచేసుకుంటాడన్న భయంతో బతుకుతున్న స్త్రీని అతని పక్కనే కూర్చోబెట్టి "మీ బాధ చెప్పండమ్మా" అని అడగడం చికిత్స కాదు. ఆ గదిలో ఆమె నిజం చెబితే దాని ఫలితం ఆ రాత్రి ఇంట్లో అనుభవించవలసి రావచ్చు. శిక్షణ పొందిన చికిత్సకులు ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి ఈ సంగతి కనుక్కుంటారు; అలా అడగని చోటు నుంచి లేచి వచ్చేయండి. 181 మహిళా హెల్ప్‌లైన్, సఖి వన్ స్టాప్ సెంటర్, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారి, ఉచిత న్యాయ సహాయానికి 15100 ఇటువంటి వారి కోసమే ఉన్నాయి.

స్వచ్ఛంద కేంద్రం

లాభాపేక్ష లేకుండా నడిచే కేంద్రాల గురించి ఎక్కువగా రాస్తున్నాను. మన రెండు జిల్లాల్లో వీటి గురించి తెలిసినది తక్కువ, అపోహలు ఎక్కువ. ఉచితంగా చేసేది కాబట్టి నాసిరకంగా ఉంటుందని కొందరు, సేవ కాబట్టి ప్రశ్నించకూడదని మరికొందరు అనుకుంటారు. రెండూ పొరపాటే.

వీటి మొదటి బలం సమయం. ఆసుపత్రి ఓపీలో పది నిమిషాలు దొరకడమే గొప్ప. ఇక్కడ గంటసేపు ఎవరూ తరమరు. రెండో బలం, మనిషి గుమ్మం దాకా రావడం. సోషల్ వర్కర్లు ఇంటికి వచ్చి చూసే పద్ధతి ఉన్న కేంద్రాల్లో, గదిలో కనిపించని సంగతులు కనిపిస్తాయి. మా తమ్ముడి ఇంటికి వచ్చిన అమ్మాయి గమనించిన మొదటి విషయం, అబ్బాయి గది తలుపుకు ఆనుకునే అవ్వ మంచం ఉండడం, ఆ ఇంట్లో ఎవరికీ ఒంటరిగా ఏడ్చే చోటు లేకపోవడం. మూడో బలం, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజును తగ్గించే పద్ధతి. ఫీజు ఎంత అని కాక "మా ఆదాయం ఇంత, మేం ఎంత ఇవ్వవలసి ఉంటుంది?" అని అడగండి, ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడనక్కర లేదు, మంచి కేంద్రాలు దీనికి రాతపూర్వకమైన పట్టిక పెట్టుకుంటాయి.

భాష నాలుగో బలం, మన జిల్లాల్లో అది చిన్న విషయం కాదు. సత్యవేడు, నగరి వైపు ఎన్నో ఇళ్లలో అవ్వాతాతలు తమిళంలో, పిల్లలు తెలుగులో మాట్లాడతారు. కుప్పం, పలమనేరు వైపు కన్నడ కలుస్తుంది, చాలా ఊళ్లలో ఉర్దూ ఇళ్లు ఉన్నాయి. కోపం, దుఃఖం ఎవరికైనా పుట్టిన భాషలోనే వస్తాయి. ఆ ప్రాంతపు మనుషులనే పనిలో పెట్టుకున్న కేంద్రంలో, పెద్దామె తన మాటలో తాను మాట్లాడగలదు. పెద్ద నగరపు నిపుణుడి ముందు అదే పెద్దామె "అంతా బాగానే ఉంది" అని నమస్కారం పెట్టి కూర్చుంటుంది, ఆ సిట్టింగు వృథా అవుతుంది.

ఇక లోపాలు. ఈ కేంద్రాలు చాలావరకు విరాళాల మీద, రెండు మూడేళ్ల ప్రాజెక్టుల మీద నడుస్తాయి. ప్రాజెక్టు ముగిస్తే మనిషి మారిపోతారు. మేం వెళ్లిన చోట అయిదో సిట్టింగు తరువాత మా చికిత్సకురాలు ఉద్యోగం మానేశారు. ఆ సంగతి మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అప్పుడప్పుడే నోరు విప్పుతున్న అబ్బాయి తరువాతి రెండు నెలలు అక్కడికి రానన్నాడు. అందుకని మొదటి రోజే అడగవలసిన మాట ఇది: "మీరు ఇక్కడ ఇంకా ఎన్నాళ్లు ఉంటారు? వెళ్లవలసి వస్తే మమ్మల్ని ఎవరికి, ఎలా అప్పగిస్తారు?" రెండో లోపం, మానసిక వైద్యుడు అక్కడ రోజూ ఉండకపోవడం. కొన్నిచోట్ల వారానికి ఒక పూట మాత్రమే వస్తారు. ఆ రోజు తప్పితే మందుల సంగతి చూసేవారుండరు. మూడోది, చికిత్స చేసేవారు శిక్షణలో ఉన్న విద్యార్థులు కావడం. ఇది దానంతట అది లోపం కాదు, నా అనుభవంలో కొందరు విద్యార్థులు సీనియర్ల కంటే శ్రద్ధగా వింటారు. కాని వారి పనిని వారం వారం చూసి దిద్దే అనుభవజ్ఞులు పైన ఉన్నారా లేరా అన్నది తప్పక తెలుసుకోవాలి.

సంస్థను పరిశీలించడానికి కూడా సులువైన మార్గాలున్నాయి. అది సొసైటీగానో ట్రస్టుగానో నమోదై ఉండాలి. రోగులను రాత్రిపూట ఉంచుకునే ఏ సంస్థ అయినా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు కావాలి. ఆ పత్రం చూపించమనండి. మందు మాన్పిస్తామని చెప్పి మనుషులను గదుల్లో బంధించే ఇళ్లు సేవ పేరుతోనే నడుస్తుంటాయి కాబట్టి ఈ ఒక్క పత్రం విషయంలో మొహమాటపడవద్దు. ప్రార్థనకో, సత్సంగానికో వస్తేనే చికిత్స అనే షరతు పెట్టే చోటు ఏ మతానిదైనా దాన్ని నేను సిఫారసు చేయను.

ప్రభుత్వాసుపత్రి

తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఉండాలని నియమావళి చెబుతుంది. మీ దగ్గరలోని ఆసుపత్రిలో వారిలో ఎవరు ఉన్నారో, ఏ రోజుల్లో చూస్తారో ఓపీ కౌంటరులోనో ఆశా కార్యకర్త ద్వారానో తెలుసుకోవచ్చు.

జబ్బు ఉందో లేదో తేల్చడానికి, మందులు ఉచితంగా తీసుకోవడానికి, అత్యవసరంగా చేర్చడానికి దీనికి మించిన చోటు లేదు. దీర్ఘకాలపు మానసిక అనారోగ్యం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చేరి ఉంది కాబట్టి, సదరం ధ్రువపత్రం కావాలంటే ప్రభుత్వ వైద్యుల బోర్డు ముందుకే వెళ్లాలి. కుటుంబమంతటినీ ఒక గదిలో గంటసేపు కూర్చోబెట్టడం మాత్రం ఆ రద్దీలో సాధ్యమయ్యే పని కాదు; అది వైద్యుల నిర్లక్ష్యం కాదు, వరుసలో నిలబడినవారి సంఖ్య. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో తేల్చిన ప్రకారం దేశంలో పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. ఆ భారానికి తగినంత మంది వైద్యులు లేరు.

అందువల్ల ఆసుపత్రా, కేంద్రమా అని ఒకదాన్ని ఎంచుకునే బదులు రెండింటినీ జతచేయడం ఉత్తమం. మా విషయంలో అలాగే కుదిరింది: మందులు ఆసుపత్రి నుంచి, మాటలు కేంద్రం నుంచి. ఒకరి చీటీ మరొకరికి చూపించాలి, మోతాదు మారినప్పుడు కేంద్రంలో చెప్పాలి, ఇంట్లో కొత్తగా కనిపించినదాన్ని డాక్టరుకు చెప్పాలి. ఇద్దరి మధ్య కబురు మోసే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోవాలి. మా ఇంట్లో ఆ పని మా మరదలు చేసింది.

ప్రైవేటు క్లినిక్కు

న్యూరో సైకియాట్రీ అని బోర్డు ఉంటే మనవాళ్లు నరాల డాక్టరు అని వెళ్తారు; పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లారన్న మాట పడనవసరం లేకపోవడం ప్రైవేటు క్లినిక్కు ఇచ్చే మొదటి సౌకర్యం. సాయంత్రాలు, ఆదివారాలు అందుబాటులో ఉండడం రెండోది. తిరుమలలో షిఫ్టుల్లో పనిచేసేవారికి, శ్రీసిటీ బస్సు దిగి రాత్రికి ఇల్లు చేరేవారికి ఇది పెద్ద ఊరట. ఖర్చు మాత్రం సిట్టింగుకు సిట్టింగు పెరుగుతుంది, మూడో సిట్టింగు దాటేసరికి చాలామంది ఆగిపోతారు. 2017 చట్టం శారీరక జబ్బులకిచ్చే ప్రాతిపదిక మీదే మానసిక అనారోగ్యానికీ బీమా ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది. కాని చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరిన చికిత్సకే వర్తిస్తాయి కాబట్టి సిట్టింగుల ఖర్చు మీ జేబు నుంచే అనుకుని లెక్క వేసుకోండి.

ఇక్కడ బోర్డు చదవడం నేర్చుకోవాలి. మందులు రాయగలిగేది వైద్యులు మాత్రమే, సైకాలజిస్టులు, కౌన్సెలర్లు రాయలేరు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారికి భారత పునరావాస మండలిలో నమోదు సంఖ్య ఉండాలి. ఆ మండలి 1992 నాటి చట్టం కింద ఏర్పడింది, సంఖ్య అడిగితే చెప్పడం వారికి అలవాటే. ఎం.ఏ. సైకాలజీ చదివినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కారు. కొన్ని వారాంతపు కోర్సులతో కౌన్సెలర్ బోర్డు పెట్టినవారు కూడా ఊళ్లో ఉన్నారు. అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ కుటుంబ చికిత్స వస్తుందనీ కాదు. ఒక్కరితో కూర్చుని మాట్లాడడం వేరు, ఎదురెదురుగా కూర్చున్న ఆరుగురిని నిభాయించడం వేరు. మేం మొదట వెళ్లిన ఒక క్లినిక్కులో కౌన్సెలరు అరగంటలో మా మరదలి వైపు తిరిగి "తల్లి గారాబమే దీనికి కారణం" అని తీర్పు చెప్పేశారు. అప్పుడు మా తమ్ముడు తల ఊపడం ఆమె చూసింది. ఆ ఒక్క తల ఊపు సర్దుకోవడానికి వాళ్లిద్దరికీ ఏడాది పట్టింది. మొదటి రోజే ఒకరిని దోషిగా చూపించే చికిత్సకుడు ఎంత పేరున్నవారైనా మీకు పనికిరారు.

వేలూరు, బెంగళూరు

సి.ఎం.సి. ఉన్న వేలూరు చిత్తూరు నుంచి గంటన్నర లోపు బస్సు ప్రయాణం; తిరుపతి నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబాన్ని కుటుంబంగా చేర్చుకుని చికిత్స చేసే ప్రత్యేక విభాగం ఉంది. చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ స్వచ్ఛంద సంస్థ స్కిజోఫ్రీనియా ఉన్నవారి కుటుంబాలతో దశాబ్దాలుగా పనిచేస్తోంది. జబ్బు ఏమిటో ఎవరికీ అంతుపట్టనప్పుడు, లేదా ఇక్కడ రెండు మూడు ప్రయత్నాలు విఫలమైనప్పుడు ఈ చోట్లకు వెళ్లడం న్యాయమే. రెండు వారాలకోసారి కుటుంబమంతా అంత దూరం తిరగడం మాత్రం ఏ ఇంటికీ నిలిచే పని కాదు. మామిడి కోతల్లో ఉన్న రైతుకు, తోతాపురి లారీ గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలిచి ఉండగా, బెంగళూరు అపాయింట్‌మెంటు గుర్తు చేయడం అన్యాయం. అక్కడ నిర్ధారణ, చికిత్సా ప్రణాళిక రాయించుకుని వచ్చి, ఇక్కడి కేంద్రంలో కొనసాగించడమే తెలివైన పద్ధతి; వచ్చే ముందు డిశ్చార్జి కాగితంలో కుటుంబానికి చెప్పిన సలహాలు కూడా రాసి ఇమ్మని అడగండి.

ఫోను, వీడియో

ప్రభుత్వం ఫోనులో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలీ మానస్ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416కు ఏ వేళ ఫోను చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియని మొదటి రాత్రికి ఇది చాలా పెద్ద ఆసరా. ఇది కుటుంబ చికిత్స కాదు, దానికి దారి చూపేది. వీడియోలో సిట్టింగులు ఒక సందర్భంలో నిజంగా పనికివస్తాయి: తండ్రి కువైట్‌లోనో, కొడుకు బెంగళూరులోనో ఉండి మిగిలినవారు కేంద్రంలో కూర్చున్నప్పుడు. అందరూ ఇంటి నుంచే కలిసేటట్టయితే నేను వద్దంటాను. రెండు గదుల ఇంట్లో పదహారేళ్ల పిల్ల పక్క గదిలో నాన్న వింటున్నాడని తెలిసి ఏం చెప్పగలదు?

న్యాయస్థానం పంపే కౌన్సెలరు ఈ పోలికలోకి రారు. 1984 నాటి చట్టం కింద కుటుంబ న్యాయస్థానాలు రాజీకి ప్రయత్నించాలి, అందుకు కౌన్సెలర్ల సాయం తీసుకుంటాయి. వారి పని కేసు పరిష్కారం వరకే; దాన్ని చికిత్స అనుకుని వెళితే నిరాశే మిగులుతుంది.

రహస్యం ఎవరిది?

ఏ చోటు ఎంచుకున్నా మొదటి సిట్టింగులోనే తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఒకరు విడిగా చెప్పిన మాట మిగిలినవారి ముందు బయటపడుతుందా? కొందరు చికిత్సకులు విడిగా చెప్పినదాన్ని తమ దగ్గరే ఉంచుకుంటారు. మరికొందరు కుటుంబం ముందు చెప్పలేనిది తమకూ చెప్పవద్దంటారు. రెండు పద్ధతులూ సరైనవే, ఏది పాటిస్తారో ముందే చెప్పకపోవడం మాత్రం సరికాదు. గోప్యత 2017 చట్టం ఇచ్చిన హక్కు. దానికి మినహాయింపులు ఉన్నాయి: ప్రాణాపాయం ఉన్నప్పుడు అవసరమైన మేరకు చెప్పవలసి వస్తుంది, పిల్లల మీద లైంగిక దాడి సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేసి తీరాలి. మన ఊళ్లలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. చిన్న పట్టణంలో కేంద్రంలో పనిచేసే అమ్మాయి మీ బంధువులకు తెలిసినవారే కావచ్చు. అలా అయితే వేరే ఒకరిని కేటాయించమని అడగడం ఆమెను అవమానించినట్టు కాదు.

ఎవరు వస్తారు?

నేను మొదట చెప్పిన ప్రశ్న దగ్గరికి తిరిగి వస్తాను. ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లో నిర్ణయాలు చేసేవారి పేర్లు రాయండి. చాలా ఇళ్లలో ఆ పేరు సంపాదించే కొడుకుది కాదు. అవ్వదో, పెద్దత్తదో, మేనమామదో అవుతుంది. ఆ మనిషి మెట్లు ఎక్కలేకపోతే మూడో అంతస్తులోని మంచి క్లినిక్కు కంటే నేల మీద ఉన్న సాదా కేంద్రమే మేలు. తండ్రి ఆసుపత్రి వాసనకే వెనుదిరిగే మనిషైతే ఇంటికి వచ్చి చూసే కేంద్రాన్ని వెతకాలి. ఎవరైనా చూస్తారన్న భయమే పెద్దదైతే, చిత్తూరు వాళ్లు తిరుపతిలో, తిరుపతి వాళ్లు చిత్తూరులో చూపించుకోవడంలో తప్పు లేదు. దాదాపు డెబ్బై కిలోమీటర్ల దూరం ఆ భయానికి ఇచ్చే మందు. ఒకరు ఎంత చెప్పినా రాననంటే వారి కోసం నెలల తరబడి ఆగవద్దు. వచ్చేవారితో మొదలుపెట్టండి. మా తమ్ముడు మొదటి మూడు సిట్టింగులకు బయట టీ బంకు దగ్గరే నిలబడ్డాడు. నాలుగోసారి చికిత్సకురాలు తానే వెళ్లి "మీరు లేకుండా మాకు సగమే తెలుస్తోంది, మిగతా సగం మీరు చెప్పాలి" అని పిలిస్తే లోపలికి వచ్చాడు.

నాలుగు సిట్టింగులు అయ్యాక ఒకసారి ఆగి చూసుకోండి. జబ్బు తగ్గిందా అని కాదు, అంత త్వరగా తగ్గదు. ఇంట్లో ఇదివరకు జరగని చిన్న విషయం ఏదైనా ఒకటి జరిగిందా అని చూడండి: ఇద్దరు కలిసి అన్నం తిన్నారా, ఒక వాదన సగంలో ఆగిందా, తలుపు కాసేపు తెరిచి ఉందా. ఏమీ లేకపోతే ఆ మాటే చికిత్సకులతో చెప్పండి, పద్ధతి మార్చమనండి. ఇంకో రెండింటికీ మార్పు లేకపోతే చోటు మార్చండి. మానేసేటప్పుడు చెప్పకుండా మానవద్దు, చివరిగా ఒకసారి వెళ్లి చెప్పి రండి. మీ ఫైలు నకలు, అంతవరకు జరిగినదాని సారాంశం అడిగి తీసుకోండి. తరువాతి చోట మొదటి నుంచి అంతా మళ్లీ చెప్పుకునే బాధ తప్పుతుంది.

మొదటి రోజున పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు, ప్రభుత్వాసుపత్రి ఓపీ పుస్తకం ఒక సంచిలో వేసుకోండి. ఆ రోజు ఇంట్లో వంట పని పెట్టుకోవద్దు. వచ్చాక అందరూ అలసిపోయి ఉంటారు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకపోవచ్చు, అది మామూలే. దారిలో సిట్టింగులో జరిగినదాని గురించి వాదించుకోవద్దని బయలుదేరే ముందే ఒప్పందం చేసుకోండి. మా వాళ్లు ఆ ఒప్పందాన్ని బస్సులో ఒకసారి తప్పారు, రెండోసారి తప్పలేదు.